కొండ మీది వానకు తట్టుకునే కొలత పనిముట్ల పెట్టె

ఉక్కు మూలమట్టాన్ని జూన్‌లో ఒకసారి వాడి, తుడవకుండా పెట్టెలో పెట్టేసి ఆగస్టులో తీస్తే బ్లేడు మీద గోధుమరంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది. వెలుతురుకు వంచి చూస్తే అది బొటనవేలి ముద్ర. వేలి గీతలు విడివిడిగా తెలుస్తాయి. చెమటలోని ఉప్పు ఎక్కడ అంటిందో అక్కడే గాలిలోని తేమ చేరింది, అక్కడే తుప్పు పుట్టింది. నూనెగుడ్డతో రుద్దితే రంగు వదులుతుంది గానీ లోహంలో పడిన గుంట పోదు. ఆ గుంట స్లిప్ గేజ్ (కచ్చితమైన మందానికి చేసిన ఉక్కు దిమ్మ) ముఖం మీద పడితే ఆ గేజ్ ఇక కొలతకు పనికిరాదు.

దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, జయపురం, రాయగడ వైపు ఈ బెడద మైదానాలకంటే ఎక్కువ. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. వానాకాలంలో మబ్బు నేరుగా కిటికీలోంచి లోపలికి వస్తుంది, గాలిలో తేమ రోజుల తరబడి 85 శాతానికి దిగదు. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అదే తేమ 40 శాతానికి పడిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. అందుకే ఇక్కడి వర్క్‌షాపుల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. 1964లో సునాబెడలో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం మొదలైంది. మైక్రోమీటరు (మర తిప్పి మందం కొలిచేది), డయల్ గేజ్ (స్వల్ప తేడాలను ముల్లుతో చూపేది), సైన్ బార్ (కోణాలు కొలిచే ఉక్కు కడ్డీ) లాంటివి సొంతంగా కొనుక్కుని జాగ్రత్తగా దాచుకునే ఫిట్టర్లు, టర్నర్లు, టూల్‌రూమ్ పనివాళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొత్తగా ఆలోచించాల్సింది ఆ పనిముట్లు ఉండే పెట్టె గురించి.

రేకు పెట్టె చవక, గట్టిది. కానీ రాత్రి చల్లబడగానే అదీ చల్లబడుతుంది, పొద్దున తడిగాలి తగలగానే లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది. చెక్క పెట్టె తేమను పూర్తిగా ఆపుతుందనుకోవడం కూడా పొరపాటే, ఏ చెక్కా ఆపలేదు. మంచి చెక్క పెట్టె చేసే పని వేరు: బయట గంటలో వచ్చే మార్పును లోపల రోజంతా సాగదీస్తుంది, రోజులో వచ్చే మార్పును వారానికి సాగదీస్తుంది. ఏ చెక్క, ఏ కోత, ఏ జాయింటు, ఏ గుడ్డ అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోంచే రావాలి.

నీటి లెక్క

60 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు, 38 ఎత్తు ఉన్న పెట్టె ఘనపరిమాణం సుమారు 68 లీటర్లు. అంత గాలి 25 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసినా అందులో ఉండే నీరు గ్రామున్నర, అంతే. అదే పెట్టెకు పట్టే టేకు 13 కిలోల దాకా ఉంటుంది. చెక్కలో తేమ ఒక్క శాతం పెరిగితే అది గాలిలోంచి 110 గ్రాముల పైచిలుకు నీరు తాగినట్టు. పెట్టెలోని తేమను నడిపేది గాలి కాదు, చుట్టూ ఉన్న చెక్క.

చాలామంది సొరుగులో పడేసే సిలికా జెల్ పొట్లం ఎందుకు పనిచేయదో ఈ లెక్కే చెబుతుంది. వంద గ్రాముల సిలికా జెల్ గట్టిగా పీల్చినా 30 గ్రాముల నీటికి మించి పట్టదు. చెక్క గోడలు వాననెలల్లో దాచుకున్న నీరు కిలోకు దగ్గర. పొట్లం రెండు రోజుల్లో నిండిపోతుంది, ఆ తర్వాత అది సొరుగులో చోటు తినే బరువు. సిలికా జెల్ వాడాలంటే బిగుతు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో స్లిప్ గేజ్‌లతో పాటు పెట్టాలి. అక్కడ పీల్చాల్సిన చెక్క లేదు కాబట్టి నిజంగా పనిచేస్తుంది. రంగు మారగానే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఏ కర్ర

ఒడిశా వైపు అడితిలో కర్ర కొనేవాళ్లకు ముందు పేర్లు తెలియాలి. టేకును శాగువాన్ అంటారు, గుమ్మడి టేకును గంభారి అంటారు, వేగిసను పియాశాల్ అంటారు. గుగ్గిలం చెట్టు కర్రను అంతటా సాల్ అనే పిలుస్తారు.

పెట్టె చట్రానికి టేకు చేవ (చెట్టు నడిమి ముదురు చెక్క) సరైనది. తేమకు టేకు కదలిక తక్కువ, చెదలు తేలిగ్గా అంటవు. అయితే చేవకు ఇది నిజం గానీ అంచున ఉండే తెల్లచెక్కకు కాదు. తెల్లచెక్కలో పుప్పి పురుగు గుడ్లు పెడుతుంది, రెండేళ్లకు సొరుగు కింద పిండిలా పొడి రాలుతుంది. పలక అంచున వేలెడు తెల్లచెక్క ఉన్నా కోసి పారేయడమే మంచిది. సొరుగుల పక్కలకు, వెనకలకు గుమ్మడి టేకు బాగుంటుంది. తేలిక, లేత రంగు, వంకర తిరగదు, ఉలికి మెత్తగా తెగుతుంది. వేగిస అందంగా ఉంటుంది, గట్టిది కూడా. కానీ ఆ కర్రతో చేసిన లోటాలో నీళ్లు పోస్తే ఎలా రంగు దిగుతాయో అందరికీ తెలుసు. తడి తగిలితే పెట్టెలోనూ అలాగే రంగు దిగి ఉక్కును మరకలు చేస్తుంది. దాన్ని బయటి పట్టీలకే పరిమితం చేయాలి. సాల్ బరువు, ఆరేటప్పుడు చీలుతుంది, సొరుగులకు అసలు తగదు. పెట్టె కింద కాళ్లకు మాత్రం దానంత గట్టిది దొరకదు. మామిడి చెక్క చవకని మోసపోవద్దు, పురుగు దానికే ముందు పడుతుంది.

పాత ఇళ్ల తలుపులు, ద్వారబంధాలు దొరికితే కొత్త కర్రకంటే అవే నయం. దశాబ్దాలుగా ఇదే వాతావరణంలో ఆరి కుదురుకున్న కర్ర అది. కోయించే ముందు మేకుల కోసం అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతకాలి. మిల్లు బ్లేడు పాడైతే ఆ ఖర్చు కర్ర ధరను మించుతుంది. కొత్త కర్ర కొంటే బిల్లు తప్పకుండా తీసుకోవాలి. రశీదు లేని టేకు దారిలో చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోతుంది.

ఈ పెట్టెకు తయారైన కర్ర ముప్పావు ఘనపుటడుగు కూడా పట్టదు. కోత, చిత్రిక, ముళ్లు, తెల్లచెక్క అన్నీ పోతాయి కాబట్టి ఒకటిన్నర ఘనపుటడుగులు కొనాలి.

కోత విషయం ఇంకా ముఖ్యం. పలక కొసను చూస్తే చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు పలక మందం వెంబడి నిలువుగా ఉంటే అది క్వార్టర్ కట్. పలక వెడల్పు వెంబడి వంపుగా పడుకుని ఉంటే మామూలు కోత. టేకులో తేమ ఒక శాతం మారితే క్వార్టర్ కట్ పలక వెడల్పు వెయ్యిలో ఒక వంతు మారుతుంది, మామూలు కోత పలక దాదాపు రెట్టింపు, అంటే వెయ్యికి 1.86 వంతు మారుతుంది. కొండ మీద చెక్క తేమ ఎండాకాలంలో 8 శాతం, వానాకాలంలో 16 శాతం అనుకుని లెక్క వేస్తే 300 మిల్లీమీటర్ల పలక క్వార్టర్ కట్ అయితే 2.4 మి.మీ. ఉబ్బుతుంది, మామూలు కోత అయితే 4.5 మి.మీ. నార వెంబడి పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. ఈ రెండు సంఖ్యలూ, ఈ ఒక్క మినహాయింపూ గుర్తుంటే పెట్టెలో ఎక్కడ ఏం బిగుసుకుంటుందో ముందే చెప్పవచ్చు.

కోసి తెచ్చిన పలకలను నీడలో, మధ్య మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి పేర్చాలి. పచ్చి కర్ర అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఒక ముక్కను వారానికోసారి కిరాణా త్రాసు మీద తూచి బరువు పలక మీదే రాసుకోవాలి. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే కర్ర ఆ గది గాలితో సర్దుకున్నట్టే. తర్వాత ముక్కలను అసలు కొలతకంటే 2 మి.మీ. ఎక్కువగా కోసి పది పదిహేను రోజులు వదిలేయాలి. లోపలి బిగువు వదిలి ఏ ముక్క వంకర పోతుందో అప్పుడు బయటపడుతుంది.

చట్రం కొలతలు

బయటి కొలత 600 × 300 × 380 మి.మీ. పక్క పలకలు రెండు, పైది, కిందది, నాలుగూ 18 మి.మీ. మందం టేకు. పక్క పలకల నార నిలువుగా, పై కింది పలకల నార అడ్డంగా ఉండాలి. అప్పుడు నాలుగూ లోతు దిశలోనే, కలిసి ఉబ్బుతాయి, మూలలు పగలవు. మూలలకు డవ్‌టైల్ జాయింటు (తోకల్లాంటి పళ్లు ఒకదానిలో ఒకటి దిగే అతుకు), ఎనిమిదికి ఒకటి వాలు. ఇంతకంటే ఎక్కువ వాలు పెడితే కొస మొనలు పనిలోనే విరుగుతాయి.

టేకుకు రెండు మొండితనాలున్నాయి. దానిలోని ఇసుకలాంటి పదార్థం అంచును త్వరగా మొద్దుబారుస్తుంది, కాబట్టి ఒక్కో మూలకు ఒకసారైనా ఉలి నూరుకోవాలి. దానిలోని నూనె బంకను పట్టనివ్వదు. అతికించే ముఖాలను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, పావుగంటలోపే బంక వేసి బిగించాలి. తుడిచి భోజనానికి వెళ్లి వస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది. బంక నీటికి తట్టుకునే రకం కావాలి. చాలా జాయింట్లు మూడో వానాకాలంలో వదులవడానికి కారణం ఈ తుడవడం మానేయడమే.

నాలుగు వైపులా మూసిన పెట్టెగా అతికించి, బంక ఆరాక పై నుంచి 60 మి.మీ. దగ్గర రంపంతో చుట్టూ కోస్తే మూత విడిగా వస్తుంది. విడిగా చేసి అమర్చిన మూత ఇంత కచ్చితంగా కూర్చోదు.  

మూత కింద 45 మి.మీ. లోతు పైఅర, దాని అడుగుకు 10 మి.మీ. పలక. మిగిలిన ఎత్తు 247 మి.మీ. అడుగు సొరుగు పైన 12 మి.మీ. అడ్డపలక, దాని మీద మధ్యలో నిలువుగా 16 మి.మీ. గోడ. పైన మూడు వరుసల్లో జంటలుగా ఆరు సొరుగులు, ముఖాల ఎత్తు 40, 50, 58 మి.మీ. కింద ఒక్కటే పెద్ద సొరుగు, ఎత్తు 80. ముఖాలన్నీ కలిపి 228, అడ్డపలక 12, మిగిలే 7 మి.మీ. సందులకు.

మధ్య గోడ లేకుండా అన్నీ పూర్తి వెడల్పు సొరుగులు చేయాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. లోతుకంటే వెడల్పు రెట్టింపు ఉన్న సొరుగును ఒక చేత్తో లాగితే అది ఐమూలగా తిరిగి ఇరుక్కుంటుంది. 273 వెడల్పు, 255 లోతు ఉన్న సొరుగుకు ఆ సమస్య దాదాపు ఉండదు. అడుగు సొరుగు ఎలాగూ బరువైనది, రెండు చేతులతోనే లాగుతారు కాబట్టి అది పూర్తి వెడల్పున ఉన్నా ఫరవాలేదు.

వెనక పలక 8 మి.మీ. మందం, నార అడ్డంగా. దాన్ని గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. పైన 4 మి.మీ. ఖాళీ వదలాలి, అడుగు అంచున మధ్యలో మాత్రం ఒక్క చుక్క బంక వేయాలి. చుట్టూ బంక వేస్తే ఎండాకాలం రాత్రి తుపాకి పేలినట్టు చప్పుడు చేసి చీలుతుంది. ముందు మూసే పలకను ఒక్క చెక్కతో కాకుండా చట్రం, నడుమ పలకగా చేయాలి. దాని అడుగున రెండు నాలుకలు అడుగు పలక గాడుల్లో దిగుతాయి, పై అంచును మూత పెదవి పట్టుకుంటుంది. ఒక్క తాళంతో అంతా మూతపడుతుంది.

సొరుగు బిగుసుకోవడం

పెట్టెలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కారణం కూడా ఎప్పుడూ ఒక్కటే. సొరుగు జారే పట్టీ నార ముందు నుంచి వెనక్కి ఉంటుంది, పొడవు మారదు. అది కూర్చున్న పక్క పలక నార నిలువుగా ఉంటుంది, లోతు దిశలో ఏటా రెండు నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లు మారుతుంది. పట్టీని ఈ కొస నుంచి ఆ కొస దాకా బంకతో అతికిస్తే రెండిట్లో ఒకటి ఓడిపోవాలి. పట్టీ ఊడొస్తుంది, లేదా పక్క పలక నిలువునా పగులుతుంది.

పరిష్కారం తేలిక. పక్క పలకలో 3 మి.మీ. లోతు గాడి తీసి, 7 మి.మీ. మందం, 8 మి.మీ. ఎత్తు ఉన్న పట్టీని అందులో దించాలి, 4 మి.మీ. బయటికి ఉంటుంది. ముందువైపు మరను గట్టిగా బిగించాలి, రెండు వేళ్ల మేర బంక కూడా వేయవచ్చు. వెనకవైపు రెండు మరలకు గుండ్రటి బెజ్జం బదులు 6 మి.మీ. పొడవు బెజ్జం తీసి, మరను ఆనీ ఆననట్టు బిగించాలి. మరలు ఇత్తడివి, 12 మి.మీ. పొడవు. ఇత్తడి మరను నేరుగా టేకులోకి తిప్పితే తల తెగి చేతికొస్తుంది. ముందు అదే కొలత ఇనుప మరను తిప్పి మర గాడి పడేలా చేసి తీసేసి, ఇత్తడి మరకు కాస్త మైనం రాసి ఎక్కించాలి.

ఇదే లెక్క సొరుగు ఆగే చోటుకూ వర్తిస్తుంది. సొరుగు వెనక పలకకు తగిలి ఆగేలా చేస్తే, ఎండాకాలంలో పెట్టె లోతు తగ్గినప్పుడు సొరుగు ముఖం 3 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది, ముందు పలక మూతపడదు. ఆపే కొయ్యముక్క ముందు అంచు దగ్గరే ఉండాలి, సొరుగు వెనక 10 మి.మీ. ఖాళీ ఉండాలి.

ఇక ముఖం ఎత్తులో సందు. 80 మి.మీ. ముఖం క్వార్టర్ కట్ అయితే ఏడాదిలో 0.65 మి.మీ. ఆడుతుంది, మామూలు కోత అయితే 1.2. 40 మి.మీ. ముఖానికి అందులో సగం. అందుకని సొరుగులు ఏ నెలలో అమర్చారన్నది వడ్రంగి నైపుణ్యమంత ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో అమర్చితే కర్ర అప్పటికి సన్నగా ఉంది, ఇంకా ఉబ్బుతుంది. పైన చెప్పిన ఆటకు 0.4 మి.మీ. కలిపి సందు వదలాలి. ఆగస్టులో అమర్చితే కర్ర ఉబ్బే ఉంది, 0.4 మాత్రం చాలు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) ఉన్నవాళ్లకు ఇది క్షణం పని.

ఈ లెక్క తెలియక జరిగేది ఏటా ఒకటే. మేలో అందంగా, కాగితం దూరనంత బిగువుగా అమర్చిన సొరుగు జూలైలో కదలదు. యజమాని దాన్ని బలవంతంగా లాగి, పై అంచు మీద చిత్రిక పడతాడు. మెత్తగా జారుతుంది, సంతోషిస్తాడు. ఫిబ్రవరికల్లా ఆ సొరుగు పైన గోరు దూరేంత సందు, అందులోంచి లోపలికి దుమ్ము. తీసేసిన చెక్కను తిరిగి పెట్టలేం. వానాకాలంలో బిగిసిన సొరుగు మీద చిత్రిక పెట్టకూడదు. మైనం రాసి, డిసెంబరు దాకా ఆగి, అప్పుడూ బిగువుగా ఉంటేనే తీయాలి.

సొరుగు పక్కలు 10 మి.మీ., ముఖం 16, అడుగు 5. అడుగు పలక నార పక్క నుంచి పక్కకు ఉంచి, వెనకవైపు కింద నుంచి జారేలా పెడితే ఉబ్బు వెనక్కి పోతుంది. పక్కల్లో పట్టీకోసం తీసే గాడి 4 మి.మీ. కంటే లోతు పోకూడదు. అడుగు సొరుగుకు పట్టీలు వద్దు, అది నేరుగా పెట్టె అడుగు మీదే మైనంతో జారాలి. వీ బ్లాకులు (గుండ్రటి సామాను నిలిపే గాడి దిమ్మలు), సైన్ బార్ బరువును సన్నపట్టీలు మోయలేవు.

లోపలి పూత, లోపలి గుడ్డ

బయట ఎన్ని పూతలైనా వేయవచ్చు, ఎంత వేస్తే అంత నెమ్మదిగా తేమ లోపలికి వస్తుంది. లోపలి సంగతి వేరు. అవిసె నూనె, నూనె వార్నీషు లోపల వాడకూడదు. అవి ఆరుతూ నెలల తరబడి ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి, మూసిన పెట్టెలో ఆ ఆవిరికి ఉక్కు తప్ప తగులుకునేదేమీ లేదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) సొరుగు అడుగులతోనూ అదే ప్రమాదం, వాటి జిగురు ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. లోపలికి లక్క పాలిష్ ఉత్తమం. లీటరు స్పిరిట్‌కు 150 నుంచి 200 గ్రాముల లక్క రేకులు, రెండు పల్చని పూతలు చాలు. అంతకంటే దట్టంగా వేస్తే చెక్క తేమను పీల్చి వదిలే గుణమే పోతుంది, పెట్టెను చెక్కతో చేసిన ప్రయోజనం అదే కదా. బయట నాలుగైదు పూతలు. మూత పలకకు మాత్రం లోపలా బయటా సమానంగా వేయాలి, లేకుంటే గిన్నెలా వంగుతుంది. వానరోజున లక్క పూస్తే పాలపొరలా తెల్లబారుతుంది, కాబట్టి ఈ పని ఫిబ్రవరిలో పెట్టుకోవడం మేలు.

అమెరికాలో డేటన్ పట్టణంలో 1906లో మొదలైన గెర్స్ట్‌నర్ సంస్థ చేసే మెషినిస్టు పెట్టెల్లో లాగే సొరుగుల్లో ఆకుపచ్చ ఫెల్టు పరచడం చాలామందికి అలవాటు. ఫెల్టు మంచిదే, నూనెను కాస్త పట్టి ఉంచుతుంది. అయితే ఇనుప రజను కూడా అలాగే పట్టి ఉంచుతుంది. దాన్ని సొరుగు అడుక్కు అతికించేస్తే దులపడం అసాధ్యం. సన్నటి పలక ముక్క మీద అతికించి, ఎత్తి బయటికి తీసేలా పెట్టాలి. ఏడాదికి రెండుసార్లు తీసి ఎండలో దులిపితే చాలు. రెగ్జిన్, పీవీసీ షీటు వద్దు, కాలం గడిచేకొద్దీ అవి వదిలే ఆవిరి లోహాన్ని తింటుంది. తోలూ వద్దు. పరుపుల్లో వాడే స్పంజి అసలే వద్దు, కొండ తేమకు నాలుగైదేళ్లలో అది జిగురై మైక్రోమీటరుకు అంటుకుపోతుంది. గుంటలు కోసి పనిముట్లు అమర్చాలనుకుంటే తెల్లటి పాలిథిన్ ఫోమ్ వాడాలి. చుట్టూ 2–3 మి.మీ. వదులు, వేలు దూరేందుకు ఒక గంటు ఉంటే చాలు.

ఎక్కడ ఏది

మైక్రోమీటరును మూసి బిగించి పెట్టకూడదు. ఆన్విల్‌కూ స్పిండిల్‌కూ, అంటే కొలిచే రెండు ముఖాలకూ మధ్య సన్నటి సందు వదిలి, లాక్ తీసి పడుకోబెట్టాలి. వెర్నియర్ దవడలకూ అంతే. స్లిప్ గేజ్‌లను ఒకదానికొకటి అంటించి వదిలేస్తే కొన్నాళ్లకు విడదీయడానికి రావు. పని అయ్యాక విడదీసి, తుడిచి, పల్చగా వ్యాసలీన్ పూసి వాటి సొంత పెట్టెలో పెట్టాలి. డయల్ గేజ్ కడ్డీకి నూనె వేయకూడదు, దుమ్ము పట్టి ముల్లు ఆగి ఆగి కదులుతుంది. అయస్కాంతపు స్టాండు ఈ పెట్టెలో ఉండనే కూడదు. అది స్కేలును, మూలమట్టాన్ని అయస్కాంతాలుగా మార్చి రజను లాగేలా చేస్తుంది. స్క్రైబర్, సెంటర్ పంచి, ఆకురాయి లాంటి గీసే కోసే సామాను వేరే డబ్బాకు పోవాలి.

ఉక్కు మీద పల్చటి మెషిన్ ఆయిల్ చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె మొదట మెరుపు ఇస్తాయి, ఆపైన బంకలా గడ్డకట్టి పుల్లబడతాయి. సొరుగులో కర్పూరం బిళ్ల వేసే అలవాటు ఉన్నవాళ్లు వేసుకోవచ్చు. దాన్ని నమ్ముకుని తుడవడం మానేస్తే పైన చెప్పిన వేలిముద్రే మిగులుతుంది.

నిండిన పెట్టె 35 కిలోలు దాటుతుంది. పక్క పిడులను మరలతో కాకుండా బోల్టు, వాషరు వేసి అవతలికి బిగించాలి. పెట్టెను నేల మీద పెట్టకుండా కనీసం 100 మి.మీ. ఎత్తున, తడి గోడకు జానెడు దూరంలో ఉంచాలి. వాననెలల్లో దాన్ని ఒక బీరువాలో పెట్టి, బీరువా అడుగున 15 వాట్ల పాతరకం బల్బు వెలిగిస్తే బాగా పనిచేస్తుంది. 24 డిగ్రీల, 90 శాతం తేమ గాలిని నాలుగు డిగ్రీలు వేడెక్కిస్తే తేమ 71 శాతానికి దిగుతుంది. ఎల్‌ఈడీ బల్బుకు అంత వేడి లేదు. చెక్క పెట్టె లోపల మాత్రం బల్బు ఎప్పుడూ పెట్టకూడదు.

చివరిగా ఘాటు దారి. డిసెంబరు రాత్రి సునాబెడలో 10 డిగ్రీల చలిలో ఉన్న పెట్టె తెల్లవారి బయల్దేరి, సాలూరు ఘాటు దిగి, మధ్యాహ్నానికి విజయనగరం చేరిందనుకుందాం. కింద గాలి 28 డిగ్రీలు, తేమ 60 శాతం. ఆ గాలి 19 డిగ్రీల చుట్టుపక్కల చల్లబడితే చాలు, నీటిబొట్లు రాలుస్తుంది. పెట్టెలోని ఉక్కు ఇంకా 14, 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అప్పుడే మూత తీస్తే స్లిప్ గేజ్‌ల మీద ఊదినట్టు మంచు కమ్ముతుంది, తుడిచినా సందుల్లోని తడి పోదు. పెట్టె దించాక మూత తీయకుండా నాలుగు గంటలు, బరువైన సామాను ఉంటే రాత్రంతా వదిలేయాలి. మూత తీశాక ముందుగా అడుగు సొరుగు లాగి వీ బ్లాకును చేతి వెనక భాగంతో తాకి చూడాలి. చల్లగా తగిలితే సొరుగు మూసి, ఇంకో రెండు గంటలు ఆగాలి.